ఎర్ర గుడ్డ కట్టిన పొట్లం

నర్సమ్మగారు పోయారన్న కబురు నాకు చెప్పింది మా సందుకి చెత్తబండి తెచ్చే రత్నం. చెప్పి, మా మెట్ల మీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కుడి అరచేతిలో పొడుగాటి మచ్చ ఒకటుంది. అది నా పుణ్యమే.

మూడేళ్ల కిందటి మాట. పగిలిన గాజు గ్లాసుని కూరగాయల తొక్కలతో కలిపి ఒకే కవరులో పడేశాను. తడి, పొడి విడదీద్దామని రత్నం అందులో చెయ్యి పెట్టింది. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన మా పక్కింటి నర్సమ్మగారు పరుగున వచ్చి కట్టు కట్టి, కుట్లు వేయించడానికి ఆటోలో తీసుకెళ్లారు. సాయంత్రం మా ఇంటికొచ్చారు. చూసుకోలేదండీ అని ఏదో నసిగాను.

"పది రోజులు ఆ చెయ్యి తడవకూడదు. పనికి రాకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. మీరే చెప్పండి, ఏం మందు రాయమంటారు?" అన్నారు.

ఆ మందేదో ఆవిడే తేల్చారు. మర్నాడు ఆరింటికల్లా నన్ను లేపి, చేతులకి తొడుగులిచ్చి, బండి వెంట నడిపించారు. రత్నం పని పోకుండా ఆ పది రోజులూ ఆమె ఈల ఊదుతూ ముందు నడిస్తే, మేమిద్దరం గవర్నర్‌పేట సందుల్లో జనం చెత్త ఏరాం. బ్యాంకులో పనిచేసేవాణ్ణి, సిగ్గుతో చచ్చాను. మా ఆవిడ బాల్కనీలోంచి చూసి పడీపడీ నవ్వింది.

ఎవరైనా చెత్తబండి వచ్చిందంటే నర్సమ్మగారు ఊరుకునేవారు కాదు. రత్నం వచ్చిందనండి, అనేవారు. తొక్కలన్నీ డాబా మీద చిల్లుల బకెట్లలో కుళ్లబెట్టి, ఆ ఎరువుతో గోంగూర పెంచి సందంతా పంచేవారు. కాలవలోకి విసిరిన కవరు దిగువ ఊళ్ల చేలల్లోకే పోతుందని పోట్లాటకి దిగేవారు. మా కవర్లు విప్పి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. చాటుగా చెత్త ఇన్‌స్పెక్టరు అనేవాణ్ణి. ఇప్పుడా మాట తలుచుకుంటే ఏడుపొస్తోంది.

గాజు అని రాసిపెడితే రత్నానికి చదవడం రాదు. అందుకని పాత ఎర్రచీర ఒకటి పీలికలు చేసి ఇంటింటికీ ఇచ్చారు. గాజు పెంకుల్ని కాగితంలో చుట్టి, ఆ పీలిక కట్టాలి.

చర్చిలో ప్రార్థన, సమాధి దగ్గర మట్టి వేయడం అయ్యాక, నర్సమ్మగారింట్లో మంచినీళ్లు తాగుతుంటే నా చేతిలోని గ్లాసు జారి పగిలింది. ఒక్కో పెంకూ ఏరి, కాగితంలో చుట్టి, ఆవిడ కుట్టుపెట్టెలో మిగిలిన ఎర్ర పీలికతో రెండు ముళ్లు వేసి ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఈల వినబడింది. రత్నం వచ్చింది. పొట్లం పట్టుకుని కిందికి దిగాను. ఆమె పొట్లం మీది ముడి చూసింది, నా మొహం చూసింది. మచ్చ ఉన్న చెయ్యే చాచింది.