పల్లపు జాగ కాయితం

మా గల్లీలో ఏడిళ్లు. రోడ్డు దగ్గర పెద్దిల్లు, అక్కడి నుంచి ఒక్కో ఇల్లూ కాస్త కాస్త కిందికి దిగి, చివర్న పెద్దవ్వ మట్టిగోడల ఇల్లు. ఆమె ఇంటిని ఆనుకుని ఒక పల్లపు జాగ ఉండేది. వాన పడితే పై బజారు నీళ్లు, మా గల్లీ నీళ్లు అన్నీ అందులోకే దిగేవి. రెండు మూడు రోజులు నిలిచి, నెమ్మదిగా భూమిలోకి ఇంకేవి. ఎండాకాలం సిద్దిపేటలో ఎన్ని బావులు అడుగంటినా మా గల్లీ చేదబావిలో నాలుగు బిందెల నీళ్లకు కొదువ ఉండేది కాదు. అది ఆ పల్లం వల్లనే అని మాకు ఎవరూ చదివి చెప్పలేదు. పల్లం నిండని ఏడు బావి ఎండేది. మేం చూశాం, అంతే.

ఆ జాగ పెద్దింటి వాళ్లది. మా అందరికీ ఇళ్ల జాగలు అమ్మింది ఆ ఇంటి ముసలాయనే. "గది నీళ్లకు ఇడిసిపెట్టిన. దాన్ని మీరు అడగొద్దు, నేను అమ్మ" అన్నాడట. కాయితం మీద ఎవరూ రాసుకోలేదు. ఆయన బతికున్నన్నాళ్లు ఆ మాట నిలిచింది.

మిరుగు కార్తె, తొలి వానలు రావడానికి వారం ముందు గల్లీ ఆడవాళ్లమంతా ఒక పొద్దున పారలు, గంపలు పట్టుకుని పల్లంలోకి దిగేవాళ్లం. మగవాళ్లను రానిచ్చేవాళ్లం కాదు. వాళ్లు వస్తే లోతుగా తవ్వి గడ్డి వేళ్లు తెంపుతారని పెద్దవ్వ నమ్మకం. నిరుడు వానకు కొట్టుకొచ్చిన ఒండ్రు ఎత్తి, ఇంటికి రెండు గంపల చొప్పున పంచుకుని, కాకర పాదుల్లో, బీర పాదుల్లో వేసుకునేవాళ్లం. నీళ్లు దిగే చోట బండరాళ్లు సర్దేవాళ్లం. గట్టు మీద చచ్చిన గరిక పీకి కొత్తది నాటేవాళ్లం. లోపల తుంగ, మెట్టతామర వాటంతట అవే పెరిగేవి. పెద్దవ్వ గట్టు మీద చేట పెట్టుకుని, బీడీలు చుడుతూనే పని చెప్పేది.

"గా రాయి జర ఇటు జరుపు. నీళ్లు ఉరుక్కుంట వస్తే గట్టు కోస్తది. సుట్టాల లెక్క నడుసుకుంట రావాలె."

"సుట్టాలంటే మా ఆడిబిడ్డ లెక్కనా పెద్దవ్వా? వస్తే పోనే పోదు" అన్నాను నేను ఒకసారి.

"పోకుంటెనే మంచిది. బాయికి గదే కావాలె."

పెద్దింటి కోడలు కూడా మాతో పాటే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగేది. ఆమెను నేను అక్కా అనేదాన్ని. నా రెండో బిడ్డ పుట్టినప్పుడు పదకొండు రోజులు నా మంచం పక్కన ఉన్న మనిషి. నాకు జ్వరం వస్తే జావ వాళ్లింట్లోంచే వచ్చేది. పుట్టింటి వాళ్ల కంటే ఎక్కువ అనుకున్నాను. ఇది ముందే చెప్పకపోతే తర్వాత జరిగినది ఎవరికీ అర్థం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను రెండో తరగతి దాకా చదివాను. గల్లీ ఆడవాళ్లలో అంతమాత్రం కూడా చదివినవాళ్లు లేరు. కార్డు ముక్క వస్తే నా దగ్గరికే తెచ్చేవాళ్లు. పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని. గొలుసు రాత వస్తే నాకు తెలిసేది కాదు, కానీ పైన రెండు ముక్కలు చదివి, మిగతాది వాళ్ల సంగతులు తెలుసు కాబట్టి ఊహించి చెప్పేదాన్ని. ఎప్పుడూ తప్పు పోలేదు. అది నా గర్వం.

ముసలాయన పోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, అక్క వేడి వేడి సర్వపిండి పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. పళ్లెం కింద ఒక కాయితం.

"చెల్లె, మన గల్లీకి సిమెంటు మోరీ ఏపిస్తున్నం. అందరి సంతకాలు కావాల్నంట. నువ్వు జర ఇల్లిల్లు తిరిగి పెట్టిపియ్యి."

పైన పెద్ద అక్షరాల్లో 'మురుగు కాలువ కొరకు దరఖాస్తు' అని ఉంది. అది చదివాను. కింద అంతా గొలుసు రాత.

"కిందేం రాసిన్రక్కా?"

"ఏముంటది? మోరీ ఏయమనే. నీళ్లు నిలుస్తలేవా, దోమలైతలేవా, గదంత."

మొదటి సంతకం నాది. వంకర టింకరగా, కానీ నా పేరే. తర్వాత సిరా డబ్బా పట్టుకుని బయలుదేరాను. అందరూ వేలు ముందుకు చాచారు. పెద్దవ్వ ఒక్కతే తునికాకు కత్తిరించడం ఆపి నా మొహం చూసింది.

"ఏముందే బిడ్డా గా కాయిదంల?"

"మోరీ కోసం పెద్దవ్వా. ఇగ నీళ్లన్ని సిమెంటు మోరీల పోతయి."

"అన్ని పోతె బాయి ఏం తాగుతది?"

నాకు నవ్వొచ్చింది. "బాయికి నేను చాయ పోస్త తియ్యి" అన్నాను.

"నువ్వు సదివినవా మొత్తం?"

"సదివిన" అన్నాను.

ఆ ఒక్క మాట. కొంత చదివాను అనొచ్చు. అక్క చెప్పింది అనొచ్చు. అనలేదు. పెద్దవ్వ బొటనవేలు చీరకు తుడుచుకుని ఇచ్చింది. ఆకు కత్తిరించీ కత్తిరించీ గీతలు అరిగిపోయిన వేలు అది. రెండుసార్లు ఒత్తితే గానీ ముద్ర పడలేదు.

మోరీ వచ్చింది. జానెడు వెడల్పు, నున్నగా ఉంది. మేం ముచ్చటపడ్డాం. పదిహేను రోజులకు పొద్దున్నే మొరం ట్రాక్టర్లు వచ్చాయి. రెండు రోజుల్లో పల్లం లేదు. గరిక లేదు, తుంగ లేదు. దుకాణాల మడిగెలు కట్టడానికి ముగ్గుతో గీతలు గీశారు. మొరం అంచున పడి ఉన్న మెట్టతామర దుంపలు నాలుగు ఏరుకుని కొంగులో వేసుకున్నాను. ఎందుకో అప్పుడు తెలియదు.

కాయితం నకలు అక్క మరిదిని అడిగితే ఇచ్చాడు, దాచే పని లేనట్టు. మా పెద్దబిడ్డ అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ గొలుసు రాతను ఆపకుండా చదివింది. మోరీ వేసిన తర్వాత ఈ పల్లంతో మాకు అవసరం లేదని, పూడ్చుకుని కట్టడాలు కట్టుకుంటే మాకు అభ్యంతరం లేదని, చదివించుకుని విని వేలిముద్రలు వేశామని ఉంది. చదివి, "అమ్మా, మొదటి సంతకం నీదే" అంది.

పెద్దింటికి పోయాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అక్కా, ఇదేంది?"

"ఏంది? మోరీ రాలేదా?"

"పల్లం పూడుస్తమని నాకు చెప్పినవా?"

"కాయిదంల రాసే ఉన్నది గద చెల్లె. గల్లీ అందరికి సదివిన అని చెప్పినవంట."

ఆమె చేట పక్కన పెట్టి, మెల్లగా, నాకు మంచి చెబుతున్నట్టే అంది. "మేమడిగితె ఎవ్వరు పెడ్తురు? నువ్వడిగితె పెడ్తరు. గందుకే నీకిచ్చిన. కూసో, చాయ తాగిపో."

పదకొండు రోజులు నా మంచం పక్కన ఉన్నది ఈ మనిషేనా అని చూశాను. ఆమే. అదే మొహం, అదే బొట్టు. చాయ తాగకుండానే వచ్చేశాను.

అప్పటికి ఊళ్లో ప్లాస్టిక్ కవర్లు కొత్తగా వస్తున్నాయి. ఆ ఏడు మఖ కార్తెలో ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. పై బజారు నీళ్లు ఎప్పటిలాగే దిగాయి. మోరీ మడిగెల మలుపులో కవర్లతో పూడిపోయి పొంగింది. నీళ్లకు పాత దారి తెలుసు. పల్లం ఉన్న చోటికే వచ్చి, అక్కడ ఎత్తు మొరం చూసి, పక్కకు తిరిగి పెద్దవ్వ గడపలోకి పోయాయి.

మేం ఉరికేసరికి మోకాలు లోతు. పెద్దవ్వను నేనూ, ఎదురింటామె కలిసి రెక్కలు పట్టుకుని బయటికి తెచ్చాం. ఆమె ఆకు కట్ట వదలదు. తంబాకు డబ్బాలు నీళ్లలో తేలుతున్నాయి. మేం మెట్టు దిగామో లేదో వెనక గోడ నానిన రొట్టెలాగా కూర్చుండిపోయింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

ఆ రాత్రి నుంచి గోడ పెట్టేదాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు అనిపించేది. మిగతా వాళ్లు అన్నారు. ఎదురింటామె బావి దగ్గర, "దానికేంది, సదువుకున్నది. పెద్దింట్ల ఏం ముట్టిందో ఏమో" అంది, నేను వింటుండగానే. ఆ తర్వాత కార్డు ముక్క ఎవరూ నా దగ్గరికి తేలేదు. నాకు అక్క ఎట్లా చేసిందో, గల్లీకి నేను అట్లానే చేశాను. ఎవరికి చెప్పుకోను?

మరుసటి ఏడు మిరుగుకు ముందు మా వాకిట్లో పరిచిన షాబాద్ బండలు లేపించాను. మా ఆయన ఊరంతా వినేట్టు మొత్తుకున్నాడు. వాకిలంతా నడుం లోతు పల్లం చేసి, గల్లీలోంచి అందులోకి కాలువ తీసి, మూతి దగ్గర రాళ్లు పెట్టి, కుండలో దాచిన మెట్టతామర దుంపలు నాటాను. ఇంట్లోకి పోవడానికి ఒక చెక్క వేసుకున్నాం. పాత పల్లంలో పదో వంతు కూడా కాదు అది. అయినా ఆ ఏడు నీళ్లు పెద్దవ్వ గడప దాకా వచ్చి ఆగాయి. బావి మాత్రం ఎండాకాలం ఎండిపోయింది.

ఆ తర్వాతి ఏడు మిరుగు ముందర నేనొక్కదాన్నే పారతో ఒండ్రు తీస్తున్నాను. పెద్దింట్లోంచి ఎప్పటిలాగే మిరుగుకు తినే ఇంగువ బెల్లం వచ్చింది, మూత పెట్టిన గిన్నెలో. మూత తీయకుండా వెనక్కి పంపాను. తల ఎత్తేసరికి పెద్దవ్వ చెక్క పక్కన నిలబడి ఉంది, చంకలో గంప.

"కాకర పాదుకు రెండు గంపలు పోసుకపోత" అంది.

గంప నింపి ఆమె నెత్తికి ఎత్తాను. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఈసారి కాయిదం ఏం లేదు గద బిడ్డా?"

"లేదు పెద్దవ్వా" అన్నాను.

ఆమె నవ్వలేదు. గంప సర్దుకుని కిందికి దిగిపోయింది. రెండో గంపకు వస్తుందని పార పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. రాలేదు. నేనే నింపి తీసుకుపోయి, ఆమె తలుపు కొట్టకుండా, పాదులో పోసి వచ్చాను.