మల్లయ్య ఎఫ్.ఎం.

కొండాపూర్ మల్లయ్యకు మైకు చేతికిస్తే అన్నం అక్కర్లేదు. ఊళ్లో పెళ్లయినా బోనాలైనా అతని మైక్‌సెట్టే మోగాలి. ఏ పాటైనా ఎవరి కోరికపై, ఏ సందర్భంలో వేస్తున్నాడో చెప్పకుండా క్యాసెట్ పెట్టేవాడు కాదు. పెళ్లి చదివింపులు అతని గొంతులో వినబడితేనే ఇచ్చినవాళ్లకు ఇచ్చినట్టుండేది. ఒకసారి మేనమామ తెచ్చిన ఇత్తడి బిందె పేరు ఎగరగొట్టి, రెండు ఇళ్ల మధ్య మాటలు బంద్ చేయించిన ఘనుడు కూడా అతనే.

తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి. ప్లాట్లు అమ్ముకున్నవాళ్లు పెళ్లిళ్లను ఫంక్షన్ హాళ్లకు మార్చారు. హాళ్లకు సొంత స్పీకర్లున్నాయి. పనిలేని మైకు బూర సజ్జ మీదికెక్కితే, భార్య ఎల్లమ్మ అందులో ఉల్లిగడ్డలు పోసుకుంది. ఆ బూర వైపు చూసినప్పుడల్లా మల్లయ్యకు ఏడుపొచ్చేది.

హైదరాబాదుకు ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలు రాబోతున్నాయని పేపర్లో పడ్డ రోజులవి. హైటెక్ సిటీ పక్కన కొత్తగా లేచిన ఒక అద్దాల కంపెనీ గేటుకు ఎఫ్.ఎం. కావాలని బోర్డు కట్టారు. ఇంగ్లీషులో మల్లయ్య చదవగలిగింది ఆ రెండక్షరాలే, అవి కూడా తన టేప్‌రికార్డర్ మీద ఉండబట్టి. ఫెసిలిటీ మేనేజర్‌ను, అంటే బిల్డింగు మంచిచెడ్డలు చూసే మనిషిని, ఆ కంపెనీలో అలా పిలుస్తారని అతనికెవరు చెప్పాలి?

కంపెనీ మేనేజర్ వెంకటరామయ్య భీమవరం వైపు మనిషి. "కరెంటు పోతే ఏం చేస్తావయ్యా?" అని లోపలికెళ్లిన మల్లయ్యను అడిగాడు.

"నా సొంత జనరేటర్ ఉంది సార్."

"జనం గుమిగూడి గొడవ చేస్తే?"

"మైకుల ఒక్క మాట చెప్పి కూసోబెడ్త."

పూటకోసారి కరెంటు పోతున్న ఆ కంపెనీకి మనిషి కన్నా ముందు జనరేటర్ నచ్చింది. అక్కడికక్కడే కాంట్రాక్టు మీద తీసుకున్నారు. బిల్డింగుకు మనిషి దొరికాడని వెంకటరామయ్య, రేడియో స్టేషన్ దొరికిందని మల్లయ్య ఎవరికి వారు మురిసిపోయారు.

రిసెప్షన్‌లో ఒక మైకు, అంతస్తు అంతస్తుకూ స్పీకర్లు ఉన్నాయి. నిప్పంటుకుంటే అందరినీ హెచ్చరించడానికి పెట్టారు. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ స్పీకర్లన్నీ ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి.

"హలో, హలో, మైక్ టెస్టింగ్. ఇది మల్లయ్య ఎఫ్.ఎం. మూడో అంతస్తు లావణ్య మేడం పుట్టినరోజు సందర్భంగా ఈ పాట."

సగం మంది మంటలనుకుని మెట్ల మీద పడి పరుగెత్తారు. వెంకటరామయ్య తిట్టడానికి దిగాడు గానీ, అప్పుడే వచ్చిన విదేశీ అతిథులు పాటకు తలలూపుతుంటే, ఆ ఆలోచన తనదేనని చెప్పుకుని చేతులు కట్టుకున్నాడు. అలా మల్లయ్య ఎఫ్.ఎం. నిలబడింది.

ఒకరోజు లావణ్య వచ్చి, "మా పక్క సీటు సందీప్ కోసం ఒక మంచి పాట వెయ్యవా, మల్లన్నా" అంది.

"ఏం సందర్భం మేడం?"

"అతనికి పక్క కంపెనీలో జాబ్ వచ్చింది" అని గుసగుసగా చెప్పింది. గుసగుసను గుసగుసగానే ఉంచడం మైక్‌సెట్ వాళ్ల కులంలోనే లేదు. పాటకు ముందు ఆ శుభవార్త ఐదంతస్తుల్లోనూ మోగింది. సందీప్‌కు పెరుగన్నం పొలమారింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీకులు మరిచిపోతాయని, వాటిని బాగుచేసే మనుషుల కోసం కంపెనీలు కొట్టుకుంటున్న కాలమది. వెంకటరామయ్య పరుగెత్తుకొచ్చి, సాయంత్రానికల్లా సందీప్ జీతం పెంచి, వెళ్లొద్దని బతిమాలుకున్నాడు.

మర్నాడు రిసెప్షన్ ముందు ఉద్యోగులంతా బారు తీరారు. "నాక్కూడా జాబ్ వచ్చిందని చదువు జర, మల్లన్నా" అని ఒకటే గోల. ఎక్కడా దరఖాస్తైనా పెట్టని లావణ్యకు మల్లయ్య మైకులో మూడు కంపెనీల నుంచి పిలుపొచ్చింది. జీతాలు పెరిగి అందరి పంటా పండింది. మల్లయ్యకు మాత్రం సమోసాలు దక్కాయి. అతని కాంట్రాక్టు ఆ ఏడాది చివర్లో అయిపోతుంది. పర్మనెంట్ చేయకపోతే మైకు పోతుంది. ఆ బెంగ అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

"గిందరికి సదివితివి. నీకెవ్వలు సదువుతరయ్య?" అంది ఎల్లమ్మ.

మల్లయ్యకు ఆ మాట నాటుకుంది. మరుసటి మధ్యాహ్నం గొంతు సవరించుకుని, "మన మల్లయ్య గారికి వేరే కంపెనీల కొలువు దొరికిన సందర్భంగా" అని చదివి, తనకిష్టమైన పాట వేసుకున్నాడు. పాట సగంలో ఉండగానే వెంకటరామయ్య నవ్వుతూ దిగి వచ్చాడు. మల్లయ్య చొక్కా సర్దుకున్నాడు.

"కంగ్రాచ్యులేషన్స్ మల్లయ్యా. చాలా సంతోషం. తాళాలిచ్చి వెళ్లు."

"సార్, అది ఉత్తగనే చదివిన."

"మైకులో చెప్పాక ఉత్తదేంటయ్యా? నీ పుణ్యాన మా జీతాల బడ్జెట్టంతా ఊడ్చిపెట్టుకుపోయింది."

మల్లయ్య, ఒక్క మాట సాయం చెబుతారేమోనని తన చుట్టూ చేరినవాళ్లకేసి చూశాడు. లిఫ్టు వచ్చిందని అందరూ ఎక్కేశారు. జనరేటర్‌ను మాత్రం కొన్నాళ్లు ఉంచమన్నాడు వెంకటరామయ్య. పోతూపోతూ గేటుకు ఆ పాత బోర్డు కూడా కట్టేసి వెళ్లమన్నాడు.

స్తంభానికి బూర కట్టినంత శ్రద్ధగా మల్లయ్య ఆ రెండక్షరాలను గేటుకు కట్టాడు. అప్పుడే బైక్ మీద బయటికొచ్చిన సందీప్ ఆగి, కాస్త కుళ్లుకుంటూ, "ఏ కంపెనీ మల్లన్నా?" అని అడిగాడు. వాళ్లందరి అబద్ధాలూ చదివిన గొంతు తన విషయంలో నిజమే చెప్పి ఉంటుందని ఆ పిల్లవాడు నమ్మేశాడు.

"ఎల్లమ్మ కంపెనీ సారు. ఉల్లిగడ్డల డిపార్ట్‌మెంట్" అన్నాడు మల్లయ్య.

సందీప్ నవ్వి, పార్టీ ఎప్పుడని అడిగాడు.