రుషికొండ అలల్లో నాకు వినపడని పిలుపు

ఈ ప్రయాణం మా షాపులోని పొడుగు బల్ల మీద మొదలైంది. కోరుట్లలో నాకో చిన్న మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఏడో తరగతి చదివే నా కూతురు సహస్ర, అలల మీద బోర్డుతో జారిపోయే పిల్లల వీడియోలు చూసి, బడి నుంచి రాగానే ఆ బల్ల మీద బోర్లా పడుకునేది, ఒక్క గెంతులో లేచి నిలబడేది. బల్ల కాలు ఊగిసలాడింది గానీ పిల్ల పట్టు వదల్లేదు. "బాపూ, ఒక్కసారి అల మీద నిలవడ్త. నువ్వు చూడాలె. మల్ల ఏమడగ" అంది. కాలువలో ఈత నేర్చినవాణ్ణి, సముద్రం నాకో లెక్కా అనుకుని సరేనన్నాను. మా ఇంటామెకు నీళ్లంటే భయం, రానంది. సిరిసిల్లలో టైలర్‌గా ఉన్న మా బావ, నీళ్లలో వేసుకోమని నాకొక లాగు కుట్టి పంపాడు. మోకాళ్ల దాకా ఉండే నిక్కరును మేం లాగు అంటాం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు దారి తేలికే. జగిత్యాల, కరీంనగర్ మీదుగా బస్సులో వరంగల్ చేరి, సాయంత్రం రైలు ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. రెండో శనివారం, ఆదివారం కలిపి వెళ్లేట్టయితే బెర్తులు ముందే బుక్ చేసుకోవాలి. స్టేషన్ నుంచి రుషికొండకు ఆటోలో ముప్పావు గంట పట్టింది. డ్రైవర్ "ఎక్కడ్నించి వస్తన్నారండీ?" అని అడిగితే "హైదరాబాద్" అన్నాను. సహస్ర నా మొహంలోకి చూసింది.

"మనది కోరుట్ల గదా బాపూ?"

"గది ఆయనకు తెల్వది తియ్" అని గొణిగాను. అసలు ఎందుకలా చెప్పానో నాకే తెలియదు.

సర్ఫింగ్ అంటే ఈత బాగా వచ్చినవాళ్లకే అనుకుంటాం, అది నిజం కాదు. కొత్తవాళ్లకు నడుము లోతు నీళ్లలోనే, ఒడ్డు దగ్గర విరిగిన నురగ అలల మీద నేర్పుతారు. కొంత చేయి తిరిగినవాళ్లను ఇంకాస్త లోపలికి, విరగని అలల దాకా తీసుకెళ్తారు. బాగా వచ్చినవాళ్లు బోర్డు ఒక్కటే అద్దెకు తీసుకోవచ్చు. మేం వెళ్లినచోట గంటన్నర క్లాసుకు మనిషికి రెండు వేల లోపే తీసుకున్నారు, బోర్డు, లైఫ్ జాకెట్ అందులోనే. పొద్దున్నే వెళ్తే గాలి తక్కువగా ఉంటుంది, ఎండ కూడా బాధించదు. మాకు నేర్పిన నూకరాజు ఆ పక్క ఊరివాడే, ఓపికగల మనిషి. మా బ్యాచ్‌లో హైదరాబాద్ కుటుంబం కూడా ఒకటి ఉంది. వాళ్లకూ నేను హైదరాబాద్ అనే చెప్పేశాను.

ఇసుకలో కాసేపు సాధన చేయించి నీళ్లలోకి దింపారు. బోర్డు మీద బోర్లా పడుకున్నాను. వెనకనుంచి అల వస్తుండగా నూకరాజు బోర్డును ముందుకు తోసి "లాగు! లాగు! గట్టిగా లాగు!" అని అరిచాడు. చేతులతో నీళ్లను వెనక్కి లాగమని. మేం దాన్ని గుంజడం అంటాం. సినిమాల్లో ఆ మాట వెయ్యిసార్లు విన్నవాణ్ణే, అయినా ఆ క్షణంలో నాకు తట్టింది ఒక్కటే, బావ కుట్టిన లాగు ఊడిపోయిందని. రెండు చేతులతో నడుము పట్టుకున్నాను. బోర్డు దాని దారిన అది పోయింది. నేను ఉప్పునీళ్లు మింగి లేచాను, లేచాక కూడా లాగు వదల్లేదు.

"ఏటైందండీ?" అన్నాడు నూకరాజు కంగారుగా.

సహస్ర పకపకా నవ్వుతూ అందరికీ వినపడేలా చెప్పింది. "మా కోరుట్ల దిక్కు లాగు అంటే నిక్కరు, అన్నా! గుంజు అనాలె. మా బాపు లాగు ఊసిపోయిందనుకున్నడు!"

బ్యాచ్ అంతా నవ్వింది. హైదరాబాద్ ఆయన "మీరు కోరుట్లా?" అన్నాడు. ఆయన మామూలుగానే అడిగాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లను పక్కకు తీసుకెళ్లి పళ్లు కొరికాను. "నలుగుట్ల గిట్ల మాట్లాడకు. బాపు బాపు అని ఒర్రకు. డాడీ అను, అందరు అన్నట్టు."

సహస్ర నవ్వు ఆగిపోయింది. "సరే" అని బోర్డు పట్టుకుని నీళ్లలోకి వెళ్లింది. నేను మళ్లీ దిగలేదు. ఇసుకలో కూర్చుని, పరువు పోయిందన్న ఉక్రోషంతో ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాను. ఆదివారం కావడంతో బీచ్ నిండా పిల్లలే. ఎవరో "డాడీ! డాడీ! చూడు!" అని అరుస్తున్నారు. ఎవరి పిల్లలో అనుకున్నాను.

చప్పట్లు విని తలెత్తేసరికి సహస్ర నీళ్లలోంచి లేస్తోంది. నూకరాజు నా దగ్గరకు పరుగున వచ్చాడు.

"పాప భలే నిలబడిందండీ! ఒడ్డు దాకా వచ్చేసింది. మీకేసే చెయ్యి ఊపుతూ పిలిచింది, చూళ్లేదేటి?"

"చూశాను" అన్నాను. ఆ అబద్ధం సహస్ర విన్నది. ఇంకో మూడు నాలుగు అలలు ప్రయత్నించింది, మళ్లీ నిలబడలేకపోయింది. అంతలో క్లాసు అయిపోయింది.

బీచ్ ఎదురుగా బండి దగ్గర వేడివేడి ఇడ్లీలు, అల్లం చట్నీ చాలా బాగుంటాయట. మేం తినలేకపోయాం. "నువ్వు పిలిచినట్టు తెల్వలే బిడ్డా" అన్నాను చివరికి.

"డాడీ అని మస్తుగ పిలిచిన. నువ్వే గదా గట్ల అనుమన్నవ్" అంది ప్లేటులోకి చూస్తూ. కోపంగా అన్నా బాగుండేది.

తిరుగు ప్రయాణం అంతా డాడీ అనే పిలిచింది. జగిత్యాల బస్టాండులో "డాడీ, మన బస్సొచ్చింది" అంటే వెనక్కి తిరగడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఇంట్లో మా ఆవిడ "గిదేంది, కొత్తగ డాడీ అంటున్నది?" అని అడిగింది. నేను షాపు తాళాలు వెతుక్కునే పనిలో పడ్డాను. నవ్వినవాళ్లెవరూ నా పేరు కూడా గుర్తుపెట్టుకుని ఉండరు. వాళ్ల ముందు పెద్దమనిషిలా కనపడాలని, నా బిడ్డ నన్ను చూడమన్న ఒకే ఒక్క అలను పోగొట్టుకున్నాను. సిగ్గుపడాల్సింది లాగు పట్టుకున్నందుకు కాదు. బల్ల మీద సాధన మళ్లీ మొదలైంది గానీ, ఇప్పుడు నన్ను చూడమని అడగడం లేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. సముద్రపు హోరులో కొత్త మాటలు చెవికెక్కవు. నీళ్లలోకి దిగేముందే నేర్పేవాళ్లకు మీ మాటలు చెప్పండి, మీ పిల్లలు ఇంట్లో మిమ్మల్ని ఎలా పిలుస్తారో అక్కడా అలాగే పిలవనివ్వండి.