కుడిపక్క చోటు

మా మామ మారండహళ్ళి పక్క టమాటా తోటల్లో కూలికి పోయేవాడు. ఎవరింట్లో చావు జరిగినా వెళ్ళి, ఏడ్చేవాళ్ళ కుడిపక్క కూర్చుని, వీపు మీద చెయ్యి పెట్టేవాడు. అంతవరకు మా వైపు అందరూ చేసేదే. ఆయన టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ కూడా అదే చేసేవాడు. ఏవో రెండు దేశాల ఆట ముగిసి మేమంతా గెలిచినవాళ్ళకు చప్పట్లు కొడుతుంటే, ఆయన భుజం మీది తుండు తీసి పక్కన పెట్టి, తెర దగ్గరికి పోయి, కూలబడిన ఆటగాడి వీపు మీద అరచెయ్యి ఆనించేవాడు.

"వాడు మనోడా మామా?" అని నవ్వేవాణ్ణి.

"ఓడినోడి వీపు సల్లగా ఉంటాదిరా," అనేవాడు. "నువ్వే తాకి సూడు."

ఒకసారి తాకాను. వేడెక్కిన తెర మీద ఆ ఒక్కచోట చల్లగా ఉంది.

ఈ ఏడు మామ పోయాడు. నెల తిరగకముందే ఒక సాయంత్రం అత్తా నేనూ పెద్ద పోటీ చూస్తున్నాం. ఓడిన గోల్‌కీపర్ గడ్డిలో ముఖం దాచుకుని కూర్చున్నాడు. గెలిచిన జట్టు కెప్టెన్ తనవాళ్ళ సంబరం వదిలేసి అతని కుడివైపుకు వచ్చాడు. వచ్చి, అడుగు దూరంలో ఆగిపోయాడు. ఖాళీ గడ్డిని ఒక క్షణం చూసి, చుట్టూ తిరిగి ఎడమపక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేశాడు.

అత్త తెర నుంచి చూపు తిప్పలేదు.

"మంచి పిల్లోడు," అంది. "మీ మామను లెయ్యమని చెప్పలేదు."