రెండో చుట్టు

వాయుసేన స్క్వాడ్రన్‌లో అందరూ ఆమెను కునుకు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది ఆమెకంటే ముందు చేరిన పైలట్, ఆమె నోరారా "అక్కా" అని పిలుచుకునే మనిషి. విమానంలోకి సరుకు ఎక్కిస్తున్నంతసేపూ కునుకు రెక్క నీడలో చేరి, మడిచిన పారాచూట్ మీద తల ఆనించి నిద్రపోయేది. పక్కనే ట్రక్కులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా లేచేది కాదు. ఎవరో వచ్చి భుజం తడితే లేచి, చెంప మీద గుడ్డ మడతల అచ్చుతోనే నిచ్చెనెక్కి తన సీట్లో కూర్చునేది. నిద్రలోంచి నేరుగా గాల్లోకి వెళ్ళడం ఆమెకు అలవాటైపోయింది. నేల వదిలిన కాసేపటి దాకా, ఇంకా మెలకువ రాలేదేమో అన్నట్టే ఉండేది.

ఆమె నడిపేది యుద్ధవిమానం కాదు. లావుపాటి పొట్ట ఉన్న సరుకు విమానం. చలికాలంలో మంచు కప్పేసి దారులు మూసుకుపోయిన కొండల మీద సైనికుల చిన్న చిన్న శిబిరాలుండేవి. వాటికి పిండి, కిరోసిన్, మందులు, ఉన్ని మేజోళ్ళు పైనుంచి జారవిడవడం ఆమె పని. రెండు కొండల మధ్య సందులోంచి విమానం లోయలోకి దిగేది. వెనక తలుపు తెరుచుకునేది. ముక్కు కాస్త పైకెత్తగానే మూటలు ఒకదాని వెంట ఒకటి జారిపోయేవి. ఆ క్షణంలో విమానమంతా ఒక్కసారిగా తేలికై, ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు లేచేది. కింద తెల్లటి పళ్ళెం లాంటి మైదానంలో చీమల్లా మనుషులు కదిలేవారు. ఆమె ఎప్పుడూ వెంటనే తిరిగిపోయేది కాదు. ఇంకో చుట్టు తిరిగి, ఆ చీమలు మూటల దగ్గరికి చేరాయని చూసుకున్నాకే ఇంటిదారి పట్టేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఉద్యోగ ఒప్పందం ముగిసే రోజు దగ్గర పడింది. ఇంకో విడత ఉంటానని చెప్పాలి, లేదంటే యూనిఫాం విప్పేయాలి. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది. ఆమె అప్పటికే ఎయిర్‌లైన్‌లో చేరి కెప్టెన్ అయింది.

"ఏమే కునుకూ, ఇంకా ఆ మూటలేనా? మా దగ్గరికి రావే. మనుషుల్ని ఎక్కించుకోవడమే. దారి మధ్యలో తోసెయ్యక్కర్లేదు."

"బోరు కొట్టదా అక్కా?"

"కొడుతుంది. బోరు కొట్టడం ఎంత సుఖమో తెలీక అడుగుతున్నావు. వచ్చే నెల ఏ రోజు ఇంట్లో ఉంటానో ఇవాళే చెప్పగలను. మొదట్లో నేను కనిపిస్తే మా ఆయన, చుట్టాలెవరో వచ్చారనుకునేవాడు."

కునుకు నవ్వింది గానీ, ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆమె భర్త కట్టుడు పళ్ళు చేస్తాడు. ఆమెకు బదిలీ అయిన ప్రతిచోటా ఇంటి ముందుగదిలోనే ఆయన పని. కిటికీ దగ్గర బల్ల, దాని మీద గులాబిరంగు చిగుళ్ళు, వరసగా ఆరబెట్టిన నవ్వులు. అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మాట ఒకటే. "మావాడు పొద్దస్తమానం పళ్ళు నూరుతూ ఉంటాడు. మా కోడలు మబ్బుల్లో తిరుగుతుంది. ఈ ఇంట్లో నేల మీద నిలబడేదాన్ని నేనొక్కదాన్నే." ఇక కూతురు. పదకొండేళ్ళకే సామాను సర్దడంలో పెద్దవాళ్ళను మించిపోయింది. ఏ బడిలో చేరినా తలుపు పక్క బెంచీ వెతుక్కుని కూర్చునేది. ఎందుకని అడిగితే, "వెళ్ళేటప్పుడు అందర్నీ దాటుకుంటూ వెళ్ళక్కర్లేదుగా" అనేది.

ఓ ఆదివారం భర్త పళ్ళకు మెరుగు పెడుతుంటే కునుకు బల్ల పక్కన కూర్చుంది.

"మీరేమంటారు?"

"నేననేదేముంది? పళ్ళు ఏ ఊళ్ళోనైనా ఊడతాయి. నా పనికేం ఢోకా లేదు." ఆయన కాసేపు మెరుగు పెడుతూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "కాకపోతే ఇక్కడ ఒక పెద్దాయనకి పై సెట్టు చేసిచ్చాను. కింది సెట్టుకి కొలతలు తీసుకునేలోపు మనం వెళ్ళిపోతామేమోనని రోజూ వచ్చి చూసి పోతున్నాడు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట వచ్చిన పెద్ద కోరిక అదే.

కునుకు ఎయిర్‌లైన్ పరీక్షకు వెళ్ళింది. పెద్ద హాలు మధ్యలో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన గది, అందులో విమానం ముందుభాగపు నకలు. అద్దాల అవతల వర్షం పడింది, ఆగింది. లేని నగరంలో దీపాలు వెలిగాయి. పట్టపగలు కుర్చీలో కూర్చునే కల కంటున్నట్టు ఉంది ఆమెకు. ఒక ఇంజన్ ఆపేశారు, పొగమంచు కమ్మించారు. ఆమె చేతులు తడబడలేదు. దిగాక, మెల్లగా మాట్లాడే పరీక్షాధికారి ఆమెకు కాఫీ ఇచ్చాడు.

"అన్నీ బాగున్నాయి మేడమ్. మిమ్మల్ని తీసుకుంటాం. ఒక్క మాట అడగనా? మబ్బు విడినప్పుడల్లా మీ చూపు కిందికి పోతోంది. ఏదైనా పోగొట్టుకున్నారా?"

ఆమె కాఫీ ఊదుకుంటూ నవ్వేసింది.

ఇంటికొచ్చాక కూడా ఎటూ తేల్చుకోలేకపోయింది. కంచం ముందు కూర్చుని, చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. మూడోనాటికి అత్తగారి ఓపిక నశించింది.

"అమ్మాయ్, ఆ ముద్ద ఆరిపోయింది. ఇలా ఎన్నాళ్ళు? ఉంటే ఉండు, మానితే మాను. కానీ ఇంటికొచ్చిన రోజు కూడా సగం మనిషివి ఆ కొండల మీదే ఉంటున్నావు. అసలు అక్కడ ఏముందో ఓసారి కాలినడకన వెళ్ళి చూసి రారాదూ?"

ఆ మాట విన్నాక కునుకుకు వింతగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఆ నేల మీద ఆమె ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

చలి తగ్గి, కొండదారి మీద మంచు తవ్వి అప్పుడే తెరిచారు. చిన్న బళ్ళను మాత్రమే వదులుతున్నారు. బరువైన సరుకు ఇంకా గాల్లోంచే వెళ్తోంది. ఆమె సెలవు పెట్టి, మందులు తీసుకెళ్ళే జీపులో డ్రైవర్ పక్కన కూర్చుంది. పైనుంచి కళ్ళు మూసి తెరిచేలోగా దాటే లోయ, కింద ఎంతకీ తరగలేదు. మలుపు తిరిగిన ప్రతిసారీ అదే కొండ మళ్ళీ ఎదురొచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నారా అని అడుగుతున్నట్టు నిలబడింది. డ్రైవర్ ఏదో పాట ఈలవేస్తున్నాడు. ఆమె నిద్రలోకి జారుతూ, తేలుతూ, మధ్యాహ్నం దాటాక శిబిరం చేరింది.

రేకుల గదులు నాలుగు, పొగ గొట్టం ఒకటి. పైనుంచి నున్నటి పళ్ళెంలా కనిపించిన మైదానం నిజానికి రాళ్ళూ గోతులూ. మోకాళ్ళ దాకా మంచు. అందులో పది అడుగులు వేసేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. వంటగదిలో వెచ్చగా ఉందని లోపలికి పిలిచాడు వంటవాడు. బొద్దు మనిషి, గొంతు కూడా బొద్దుగానే ఉంది. చేతిలో వేడి గ్లాసు పెట్టి, ఆమె విమానాల్లో పనిచేస్తుందని తెలియగానే మాటల్లో పడిపోయాడు.

"అన్ని విమానాలూ ఒకటి కాదు మేడమ్. కొన్ని వస్తాయి, దబదబా పడేసి పోతాయి. ఒకటి మాత్రం ఉంది. అంతా వేసేసి పోయి, మళ్ళీ తిరిగొస్తుంది. ఏమీ వెయ్యదు! ఊరికే మా నెత్తి మీదుగా తిరిగి పోతుంది. మావాళ్ళు దానికి రెండో చుట్టు అని పేరు పెట్టారు."

ఆమె గ్లాసు కిందపెట్టింది. "అది నేనే."

"మీరా! ఎందుకు మేడమ్ ఆ చుట్టు? ఇంకా ఏమైనా వేస్తారేమోనని పైకి చూసి చూసి మా మెడలు పట్టేసేవి."

"మూటలు మీకు దొరికాయో లేదో చూద్దామని."

"దొరక్క ఎక్కడికి పోతాయండీ? మేముండేది ఇక్కడేగా!"

అతను పగలబడి నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక నెమ్మదిగా అడిగింది. "నేను మానేద్దామా అనుకుంటున్నాను. మానేస్తే ఇక్కడ లోటేమైనా ఉంటుందంటావా?"

వంటవాడు గరిట తిప్పుతూ నిజంగానే ఆలోచించాడు.

"అబద్ధం ఎందుకు చెప్పాలి మేడమ్. మూట పడితే చాలు. వేసిందెవరో తినేవాడికి తెలీదు. వచ్చే చలికాలం నేనూ ఇక్కడుండను. ఇంకొకడొచ్చి వండుతాడు. కాస్త ఉప్పెక్కువ వేస్తాడేమో. వీళ్ళు నాలుగు రోజులు తిట్టుకుంటారు, తర్వాత అదే అలవాటైపోతుంది."

ఆ జవాబు ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. ఉండిపొమ్మని ఎవరైనా అంటారని, అదొక్కటీ వినడానికే ఇంత దూరం వచ్చానని అప్పుడు గానీ ఆమెకు తెలిసిరాలేదు.

మర్నాడు పొద్దున్నే విమానం వచ్చింది. ముందు కొండల్లో ఒక గుసగుస, తర్వాత ఛాతీలో ఒక కంపనం. సందులోంచి ఆ లావుపాటి పొట్ట బయటికొచ్చి, తల మీదుగా ఈదుకుంటూ పోయింది. తను నడిపే విమానం సరుకు వేస్తుంటే కిందినుంచి చూడడం ఆమెకు అదే మొదలు. ఆకాశంలో పారాచూట్లు తెల్లటి గొడుగుల్లా విచ్చుకున్నాయి. ఎండలో ఊగుతూ, తొందరేమీ లేనట్టు దిగాయి. మూట నేలను తాకగానే మనుషులు కేకలు వేసుకుంటూ పరిగెత్తారు. తాళ్ళు కోసేవాళ్ళు కోస్తున్నారు, ఈడ్చేవాళ్ళు ఈడుస్తున్నారు, గొడుగు గుడ్డ చిక్కుకుని ఒకడు వెల్లకిలా పడితే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. విమానం కొండ దాటిపోయింది. మళ్ళీ రాలేదు. ఎవరూ తల ఎత్తి చూడలేదు. ఆకాశం వంక చూస్తూ నిలబడింది ఆమె ఒక్కతే.

"మేడమ్, కాస్త ఆ తాడు కొస పట్టుకోండి!" అని ఎవరో అరిచారు.

ఆమె పరిగెత్తి కొస పట్టుకుంది. ముగ్గురితో కలిసి పిండి మూటను మంచులో ఈడ్చింది. జారి పడింది, లేచింది. చేతులు మొద్దుబారాయి. వంటగది గుమ్మం దగ్గర మూట దించాక, రొప్పుతూ గోడకు ఆనుకుని నిలబడింది. గుండెలో ఏదో జారిపోయి తను తేలికైనట్టు అనిపించింది. నొప్పి లేదని కాదు. కానీ ఆ తేలికదనం ముందు నొప్పి చిన్నదైపోయింది.

ఇంటికొచ్చి, ఎయిర్‌లైన్‌లో చేరుతున్నానని, ఇక ఊళ్ళు మారక్కర్లేదని చెప్పింది. భర్త చేతులు తుడుచుకుంటూ లేచాడు. "అయితే కొలతలకి రమ్మని ఆ పెద్దాయనకి కబురు పెట్టనా?" అన్నాడు. అత్తగారు మాత్రం, "ముందు కంచం ముందు కూర్చోమను. ఇవాళైనా తింటుందో లేదో చూస్తా" అంది.

కొత్త పని మొదట్లో ఆమెకు బోసిగా ఉండేది. కింద ఎదురుచూసేవాళ్ళు లేరు. ఊళ్ళు, నదులు మబ్బుల కింద మెల్లగా జారిపోయేవి. విమానం దిగాక తలుపు దగ్గర నిలబడి ఒక్కో ముఖం చూసేది. వాళ్ళు ఫోన్లు చూసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుంటూ, ఆమెను గమనించకుండానే వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు అది కూడా ఆమెకు నచ్చడం మొదలైంది. తెల్లవారుజాము ప్రయాణాల్లో వెనక ఊరంత జనం ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతుంటే, ముందు ఎర్రగా తెల్లవారుతుండేది. వాళ్ళ కలలు చెదరకుండా విమానాన్ని మెత్తగా వంచడం నేర్చుకుంది. అయినా ఒక్కోసారి ఉన్నట్టుండి మంచు వాసన గుర్తొచ్చేది. ఆ బెంగ పూర్తిగా పోలేదు. పోతుందని ఆమె కూడా అనుకోలేదు.

రెండో ఏడు, సెలవు రోజున సాయంత్రం ఆమె గదిలో బట్టలు మడతపెడుతోంది. వరండాలో కూతురు పక్కింటి పిల్లతో పోట్లాడుతోంది. "నువ్వు పోయినేడు కూడా ఇంతే చేశావ్!" అంటోంది. "నువ్వే చేశావ్!" అని అవతలి పిల్ల. ఇక జన్మలో మాట్లాడనని ఒకరు, ముఖమే చూడనని ఇంకొకరు. తలుపు ధడాలున మూసుకుంది. ఆమె మడతపెట్టడం ఆపి వింది. తన కూతురికి దెబ్బలాటలు రావనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. పోట్లాడి మళ్ళీ కలిసేంత కాలం ఆ పిల్ల ఏ ఊళ్ళోనూ ఉండలేదన్న సంగతి ఎన్నడూ తట్టలేదు. కాసేపటికి గేటు చప్పుడైంది. "రేపు బడికి కలిసే వెళ్దామా?" అని పక్కింటి పిల్ల గొంతు. కూతురు తలుపు సగమే తెరిచింది. బెట్టు చేస్తోంది.