రెండో సీసా

మొన్న టీవీలో ఎవరో పరుగుపందేల అమ్మాయి మూత్రంలో హార్మోన్ మందు దొరికిందని చెప్పారు. పాపం, ఇక ఆ పిల్ల పని అయిపోయినట్టే అని నేనంటే, అప్పుడే కాదు నానమ్మా అన్నాడు మనవడు. మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారట, మొదటిది తప్పు పట్టినా ఆ పిల్ల అడిగితే రెండోది తెరిచి మళ్ళీ చూస్తారట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు.

డెబ్బయ్యో దశకంలో, మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పరీక్షకి మూత్రం తెమ్మంటే కడిగిన పెన్సిలిన్ సీసాలో పట్టుకొచ్చేవారు. గవర్నరుపేటలో ఒక చిన్న ల్యాబులో ఆ పరీక్షలు చేసే ఉద్యోగం నాది, భవానీపురంలో అక్కాబావల దగ్గరే ఉండేదాన్ని. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, మా వీధి పాలవాడు నన్ను చూస్తేనే హడలిపోయేవాడు. బావ బరువులెత్తే పోటీల్లో పేరున్నవాడు, ఇంట్లో చొక్కా లేకుండా తిరుగుతూ కండలు ఎగరేసి మమ్మల్ని నవ్వించేవాడు. అలాంటివాడు ఆ వేసవిలో, రోళ్ళు పగిలే ఎండల్లో కూడా బనీను విప్పడం మానేశాడు. ఒకనాడు తడి బనీనులో చూద్దును కదా, ఎదిగే ఆడపిల్లకి వచ్చినట్టు రొమ్ములు వస్తున్నాయి.

వ్యాయామశాలలోనూ గుసగుసలు మొదలయ్యాయి. బలానికి హార్మోన్ ఇంజెక్షన్లు చేయించుకుంటే అలాగే అవుతుందని ఎక్కడో చదివిన అక్కడి పెద్దాయన, మూత్రం పరీక్ష చేయించుకుంటేనే రాష్ట్ర పోటీలకి పంపుతానన్నాడు. మా ల్యాబులో మూత్రంలో హార్మోన్ పట్టే పరీక్ష ఒక్కటే ఉండేది, అదీ ఆడవాళ్ళ గర్భం చూసేది. దీనికి పనికిరాదని తెలిసే, బావ తెచ్చిన సీసాతో ఊరికే ఆ పరీక్ష చేశాను. గర్భం ఉందని వచ్చింది!

ఇంకొకరైతే మళ్ళీ చేసి చూసేవారు. నేను మాత్రం, ఇంజెక్షన్ల సంగతి బయటపడకుండా బావ ఎవరో ఆడమనిషి మూత్రం తెచ్చాడని తేల్చేశాను. అక్క అంతకు రెండు రోజుల ముందే బయట చేరింది కాబట్టి అక్కది కాదు. మరెవరిది? కడుపులో దాచుకోలేక ఆ ప్రశ్న అక్క చెవిన కూడా వేశాను.

"నాదే మరదలా, మీ అక్క మీదొట్టు. కావాలంటే ఇప్పుడే ఇంకో సీసా ఇస్తా, చూడు" అన్నాడు బావ.

"మీ నాటకాలు చాల్లెండి బావగారూ" అన్నాను.

అక్క ఉయ్యూరులో అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. మూత్రం మార్చాడన్న మాట వ్యాయామశాలదాకా పాకి, పోటీల జాబితాలో బావ పేరు కొట్టేశారు.

నాలుగు నెలలకి దగ్గితే రక్తం పడుతోందని బావని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. వృషణంలో లేచిన గడ్డని సిగ్గుకొద్దీ ఎవరికీ చెప్పుకోలేదు, అది ఊపిరితిత్తులదాకా పాకింది. అలాంటి గడ్డ ఉన్న మగవాళ్ళ మూత్రంలో గర్భిణికి ఉండే హార్మోనే కనబడుతుందనీ, రొమ్ములు రావడం కూడా దానివల్లేననీ, మొదట్లోనే తెలిస్తే తీసేసేవాళ్ళమనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. అక్క చివరిదాకా ఆ మంచం వదల్లేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు యంత్రాలొచ్చాయి, సీళ్ళొచ్చాయి, అనుమానించడానికి కూడా ఒక పద్ధతి వచ్చింది. మా రోజుల్లో అవేవీ లేవని సరిపెట్టుకుందామని చూస్తాను, కుదరదు. రెండో సీసా ఇస్తానని బావ నా ఎదురుగా నిలబడి అన్నాడు. నేనే వద్దన్నాను.