సయీదా సినిమాలో టీ సీను

మాచర్ల శివార్లలో మా మిర్చి షెడ్డుంది. షెడ్డు మాది కాదు, పని మాది. ఎండు మిరపకాయల ముచ్చికలు తుంచి బుట్టల్లో వేయడం, తూకం వేయించుకోవడం, పొద్దస్తమానం ఇదే. ఆ ఘాటుకు తుమ్మీ తుమ్మీ మనిషి సగమవుతుంది. అయినా ఒక్కరోజు కూడా నాగా పెట్టబుద్ధి కాదంటే అందుకు కారణం సయీదా.

సయీదా మెకానిక్ జహీర్ భార్య. నా పక్క బుట్ట ఆమెది. ఆమెకు కథల పిచ్చి. కొత్త సినిమా, కొత్త సిరీసు, ఫోనులో చదివే నవల, ఏదీ వదలదు. అద్దం పగిలిన ఆ ఫోనును పొయ్యి పక్కన నిలబెట్టుకుని చూసి, మర్నాడు షెడ్డులో మాకు చెబుతుంది. చెప్పడమంటే మామూలుగా కాదు. ఫైటు వస్తే బుట్ట మీద దరువేస్తుంది. విలన్ వస్తే గొంతు మార్చేస్తుంది. చేతులు అలా తిరుగుతుంటే ఇక కాయలు తుంచేదెప్పుడు? అందుకని మేమే తలా పిడికెడు తుంచిన కాయలు ఆమె బుట్టలో వేస్తాం. అదే మా టికెట్టు. ముందే చూసినవాళ్లు నోరు విప్పకూడదు, అది మా షెడ్డు కట్టుబాటు.

కథ చెప్పి ఊరుకుంటుందా? తీర్పు కూడా ఇస్తుంది.

"పల్నాడంటే ఈ సినిమావోళ్లకి కత్తులే కనపడతయ్యే. ఒక్కడికన్నా మిరపకాయ కనపడిందా?" అంటుంది. "సగం కథ చూపించి మిగతాది రెండో పార్టులో అంటారేంది? మనం సగం బస్తా తుంచి మిగతాది వచ్చే ఏడు అంటే మేస్త్రి ఊరుకుంటాడా?" ఈమధ్య నవలల మీద మాత్రం కాస్త దయ. "చానా బాగా రాస్తన్నారు గానీ, అందులో మనుషులు అన్నం తినరే. ఆలోచిస్తానే ఉంటారు. చదువుతుంటే నాకే ఆకలేసుద్ది."

మాలో అందరికన్నా పెద్ద రాఘవమ్మ. ఆమె ఒక్కగానొక్క కొడుకు కోటేశ్వర్ లారీ డ్రైవరు. దాచేపల్లి దగ్గర యాక్సిడెంటులో పోయాడు. ట్రిప్పు నుంచి వచ్చాడంటే లారీ దిగకముందే "అమ్మా, టీ పెట్టు" అని కేకేసేవాడట. ఆ మాట రాఘవమ్మ మాతో ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడు కోటేశ్వర్ కూతురు శ్రీదుర్గే ఆమెకు దిక్కు.

ఒకసారి నేను హాల్లో చూసొచ్చిన సినిమానే సయీదా చెబుతోంది. అందులో హీరో తమ్ముడు డ్రైవరు. ఘాట్ రోడ్డులో బండి పడి చనిపోతాడు. సయీదా ఏం చెప్పిందో తెలుసా? అతను ఆస్పత్రిలో కళ్లు తెరిచి, "అమ్మా, టీ పెట్టు" అన్నాడట! రాఘవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, రెండు పిడికిళ్ల కాయలు ఆమె బుట్టలో వేసింది. నాకు ఒళ్లు మండింది. సయీదాను కుళాయి దగ్గరికి లాక్కెళ్లి అడిగేశాను.

"ఏందక్కా ఈ అబద్ధం? ముసలామెను మోసం చేస్తావా?"

"సినిమా అంతా అబద్ధమేగా సరితా. చివర్లో ఒక్క అబద్ధం నాది."

"పెద్దమ్మకి తెలిస్తే?"

"తెలిస్తే తిట్టుద్ది. తిట్టనీ."

అప్పటినుంచి గమనించాను. ఏ కథలో ఏ తల్లి కొడుకు పోయినా సయీదా లేపి కూర్చోబెడుతుంది. లేచినవాడు టీ అడుగుతాడు. నేను నోరు మూసుకున్నాను.

మొన్న ఎండాకాలం ముగ్గురు అక్కచెల్లెళ్ల సిరీసు ఒకటి చెబుతుండగా సయీదా గొంతు బొంగురుపోయింది. ఘాటుకేలే అనుకున్నాం. పెద్దక్కను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు అన్నచోట మాట పూర్తిగా ఆగిపోయింది. నరసరావుపేటలో చూపిస్తే గొంతులో గడ్డ ఉందన్నారు, కోసి తీశారు. "చెడ్డ గడ్డ కాదు. కానీ మాట మునుపటిలా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేం. మేం చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు," అన్నాడు డాక్టరు. ఆయన అటు వెళ్లగానే సయీదా గోడవైపు తిరిగి పడుకుంది. గొంతు లేని సయీదాను నేనే ఊహించుకోలేకపోయాను, ఇక ఆమెకెలా ఉంటుంది!

జహీర్ బావ పనికి పోయిన పూట నేను తోడున్నాను. నేను మందులు తెచ్చేలోపు ఆ మహాతల్లి సిరీసు చివరి భాగం చూసేసింది. చూసి, దిండు తడిసేలా ఏడుస్తోంది. ఫోను లాక్కుని చూస్తే ఏముంది, పెద్దక్క ఆపరేషన్ గదిలోనే పోయింది.

"చూడటానికి నీకు ఇదే దొరికిందా అక్కా? నీకసలు బుద్ధుందా?" అని చెడామడా తిట్టి పక్కన కూర్చున్నాను. చేయి మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం శ్రీదుర్గను వెంటబెట్టుకుని రాఘవమ్మ దిగింది. వస్తూనే మంచం అంచున చతికిలబడింది.

"నీ బుట్ట ఆడనే ఉందే. రోజూ తలా పిడికెడు ఏస్తానే ఉన్నాం. కథ లేక షెడ్డు శ్మశానంలాగుంది. నువ్వు మాట్లాడొద్దు, ఇయ్యాల నేను చెప్తా, విను. చివరి భాగం మా దుర్గ చూపించింది."

నేను ఆపబోయాను. ఆమె వింటేనా!

"పెద్దక్కని లోపలికి తీసుకుపోయారా? చెల్లెళ్లిద్దరూ బయట ఏడుస్తన్నారు. తలుపు తెరుచుకుంది. డాక్టరు నవ్వుతా వచ్చాడు. పెద్దక్క కళ్లు తెరిచింది. తెరిచి ఏమందో తెలుసా? 'టీ పెట్టండే' అంది."

సయీదా ఆమెనే చూస్తూ ఉండిపోయింది. శ్రీదుర్గ తల దించుకుంది.

"ఏం చూస్తావే?" అంది రాఘవమ్మ. "నాకు తెలవదనుకున్నావా? నువ్వు చెప్పిన సినిమాలన్నీ దుర్గ నాకు ఫోన్లో చూపించేది. నా కోటేశ్వర్ని ఎన్ని సినిమాల్లో బతికించావే తల్లీ. నిన్ను నేను ఒక్కసారి బతికించుకోకూడదా?"

సయీదా పెదాలు కదిలాయి. "నోరు తెరిచావంటే ఊరుకోను," అని అరిచాను, ఏడుస్తూనే.

ఆమె నోరు తెరవలేదు. రాఘవమ్మ చేయి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో గ్లాసు ఎత్తి తాగినట్టు నాకు సైగ చేసింది.

నేను టీ కోసం కిందికి పరుగెత్తాను.